తొలి ముద్ద ఆదెమ్మది

ఆదెమ్మ కోడలి ముందు పళ్ళెం పెట్టి, మధ్యలో వేడి సంగటి ముద్ద వేసింది. ముద్దలో గుంట చేసి నెయ్యి పోసింది. పక్కన వేరుశనగ ఊరిబిండి వేసింది. ఎన్నో ఏళ్ళ తరువాత ఇల్లు చేరిన కోడలికి ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద మర్యాద లేదు.

"తిను మే. మొగమంతా పీక్కపోయిండాది. తిన్యాక మాట్లాడుకుందాము."

బాలనాగమ్మ చెయ్యి కడుక్కుంది. పళ్ళెం వైపు చూసింది. ముద్ద మీంచి ఆవిరి లేస్తూంది. ఆమె చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. పక్కనే ఆమె కూతురు గౌరి కూర్చుని ఉంది. రంగూన్‌లో పుట్టి అక్కడే ఆరేళ్ళు పెరిగిన పిల్ల. సంగటి అంటే ఏమిటో ఎరగదు. అయినా ఆకలికి ఆగలేక ఆ నల్లటి ముద్ద మీదికి చెయ్యి చాపింది. పిల్ల వేళ్ళు తగిలాయో లేదో, బాలనాగమ్మ ఆ చేతిని ఒడిసి పట్టి వెనక్కు లాగింది. పళ్ళెం తిరగబడింది. నెయ్యి నేలపాలయింది.

ఇంట్లో అందరూ నిలబడిపోయారు. ఆదెమ్మ, ఆమె చిన్నకొడుకు జయరాముడు, అతని భార్య గంగాదేవి.

"ఆకలి లేదత్తా. దానికీ లేదు," అంది బాలనాగమ్మ. చీర కొంగుతో గౌరి వేళ్ళు తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. పిల్ల ఏడుపు మొదలుపెట్టినా ఆపలేదు.

ధర్మవరంలో పట్టుచీరల బేరాలు పడిపోయిన రోజుల్లో ఆదెమ్మ పెద్దకొడుకు రామచంద్ర మగ్గం వదిలి, కూలీలను కూడగట్టే ఒక మేస్త్రీ వెంట రంగూన్ పోయాడు. అక్కడ బియ్యం మిల్లులో పని దొరికింది. కాస్త నిలదొక్కుకున్నాక వచ్చి బాలనాగమ్మను తీసుకుపోయాడు. గౌరీ, చిన్నస్వామీ అక్కడే పుట్టారు. తెల్లన్నం, చేపల పులుసు తిని పెరిగారు. వీధి మొగదల ఒక బర్మా ఆడమనిషి అమ్మే సేమ్యా పులుసు కోసం గౌరి పొద్దున్నే గిన్నె పట్టుకుని పరిగెత్తేది. ధర్మవరమంటే వాళ్ళకు నాయన చెప్పే ఊరు, అంతే.

యుద్ధం రంగూన్ మీదికి వచ్చింది. బాంబులు పడ్డాయి. ఓడలో చోటు దొరకనివాళ్ళంతా కాలినడకన బయలుదేరారు. రామచంద్ర కుటుంబం కూడా ఆ జనంలో కలిసి కొండలెక్కింది. దారి పొడుగునా గత్తర, వాంతులూ విరేచనాలతో జనం రాలిపోతున్నారు. తెచ్చుకున్న బియ్యం అయిపోయింది. కొండ దిగే చోట ఎవరో అన్నం వండి పంచుతున్నారని తెలిసి, బాలనాగమ్మ ఆ తొక్కిసలాటలో దూరి, ఆకులో కాస్త అన్నం సంపాదించింది. పిల్లను పొదువుకున్నట్టు పొదువుకుని తెచ్చింది. గౌరి నిద్రపోతూంది, లేపబుద్ధి కాలేదు. రెండేళ్ళ చిన్నస్వామికి తన చేత్తోనే తినిపించింది. వాడు తినగా మిగిలింది రామచంద్ర తిన్నాడు. "నువ్వు గూడా తిను," అన్నాడు. "నాకి మల్లా దొరుకుతుందిలే," అంది.

మరునాడు పొద్దెక్కకముందే పిల్లవాడు పోయాడు. మధ్యాహ్నానికి రామచంద్ర పడిపోయాడు. వెంట వచ్చినవాళ్ళు ఆగలేదు. ఆగినవాళ్ళ గతి ఏమయిందో దారి పక్కన కనిపిస్తూనే ఉంది. రామచంద్ర మాట్లాడలేక చెయ్యి ఊపాడు, పొమ్మని. ఆమె అతన్ని చెట్టు నీడకు జరిపి, దుప్పటి కప్పి, గౌరిని చంకన వేసుకుని నడిచింది. అప్పటికి అతనింకా ఊపిరి పీలుస్తున్నాడు.

తిన్నవాళ్ళు పోయారు. తిననివాళ్ళు బతికారు. ఆ మాట ఎవరూ చెప్పకుండానే ఆమె ఒంట్లోకి దిగి కూర్చుంది. చిట్టగాంగులో, కలకత్తాలో, మద్రాసు స్టేషన్లో ఎవరు అన్నం పెట్టినా పక్కకు నెట్టేసేది. సొంత ఇల్లు చేరితే సర్దుకుంటుందని రైల్లో తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. సర్దుకోలేదు. అత్తతో మాత్రం ఒక్క ముక్క చెప్పింది, "గత్తరలో పోయినారు" అని. ఆదెమ్మ గోడకు తల కొట్టుకుని ఏడ్చింది. ఎట్లా పోయారని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలోనని బాలనాగమ్మ దినదినం బెదురుతూనే ఉంది.

తొక్క ఉన్న వాటికి ఆమె అంత భయపడేది కాదు. అరటిపండు వలిచి తినొచ్చు. వేరుశనగ కాయను తనే పగలగొట్టి గింజ తీసుకోవచ్చు. టెంకాయ తన చేత్తోనే కొట్టాలి. లోపలికి ఎవరి చెయ్యీ పోలేదని తెలిస్తే చాలు, నాలుగు గింజలు నమిలేది, గౌరికి పెట్టేది. కుండలో ఉడికినది, గరిటెతో కలిపినది, ఒకరు వడ్డించినది చూస్తే మాత్రం దూరంగా జరిగేది. నీళ్ళు బావిలోంచి తనే తోడి, తనే కాచి, తనే వడకట్టేది. వడకట్టిన గుడ్డను ఉతికి మళ్ళీ ఉతికేది.

అది పిచ్చి అని ఆమెకూ తెలుసు. ఇంట్లో అందరూ అదే సంగటి తింటున్నారు, ఆరోగ్యంగా తిరుగుతున్నారు. కళ్ళ ముందే కనిపిస్తూంది. కానీ పిల్ల నోటి దగ్గరికి ముద్ద పోతుంటే చిన్నస్వామి నోరు కనబడేది. ఆ రోజు వాడు ఎంత ఆత్రంగా తెరిచాడో ఆ నోరు.

గంగాదేవికి మొదట జాలి వేసింది. కొన్నాళ్ళకు రోషం వచ్చింది. వంటంతా ఆమెదే మరి.

"అక్కా, నా చేతి కూట్లో ఇసం ఉండాదా? మొగమ్మీద చెప్పు. నేనేమన్నా నీ బిడ్డకి కీడు తలస్తాండానా?"

"అట్ల గాదు గంగా..."

"ఇంకెట్ల? పక్కింటి అంజినమ్మ ఏమంటాండాదో తెల్సా? మేము మీకి కూడు పెట్టకుండా మాడుస్తాండామంట."

తోడికోడలు మంచిదని బాలనాగమ్మకు తెలుసు. ఆ మంచితనం కుండలోకి పోయినదాన్ని కాపాడలేదని కూడా ఆమెకు అంతే గట్టిగా తెలుసు. ఈ రెండూ ఒక తలలో ఎట్లా ఉంటాయో ఎవరికి చెప్పగలదు?

గౌరి చిక్కిపోయింది. కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. జుట్టు ఎర్రబడి రాలసాగింది. మగ్గం దగ్గర కూర్చుని చిన్నాన్న నేస్తుంటే చూస్తూ అట్లాగే గోడకు ఒరిగి తూగేది. ఒకరోజు జయరాముడు నేత ఆపి వచ్చి వదిన ముందు నిలబడ్డాడు.

"వదినా, నువ్వు తినకుంటే మానె. పాపనెందుకు ఎండగడ్తాండావు? మా అన్న గుర్తుగా మిగిలింది అదొక్కటే గదా."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అన్న గుర్తుగా మిగిలింది అదొక్కటే. అందుకేగా ఈ కాపలా అంతా!

ఇంకొన్నాళ్ళకు జరిగింది ఇది. బాలనాగమ్మ పెరట్లో నీళ్ళు కాస్తూంది. గౌరి కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే మగ్గాల గదిలో, నూలు బుట్టల వెనక, గంగాదేవి ఒళ్ళో కూర్చుని ఉంది. పెదవి పక్కన ఒక అన్నం మెతుకు. ఒళ్ళో ఖాళీ గిన్నె.

తరువాత ఏం చేసిందో బాలనాగమ్మకు సరిగా గుర్తులేదు. పిల్లను లాక్కున్నది గుర్తుంది. పెరట్లోకి ఈడ్చుకుపోయి, తల వంచి, గొంతులోకి రెండు వేళ్ళు పెట్టింది. గౌరి గిలగిల కొట్టుకుంది. అన్నం వచ్చింది. ఇంకా ఉందేమోనని మళ్ళీ పెట్టింది. తెల్లటి మెతుకుల మధ్య ఎర్రగా కనిపించేదాకా ఆపలేదు. గోరు గీసుకుని పిల్ల గొంతులో రక్తం వచ్చింది.

జయరాముడు పరిగెత్తుకొచ్చి పిల్లను విడిపించుకున్నాడు. గౌరి చిన్నాన్న మెడను కరుచుకుని, తల్లి వైపు చూసింది. పిల్ల కళ్ళల్లో ఉన్నది ఏడుపు కాదు. అటువంటి చూపు బాలనాగమ్మ దారిలో ఎందరి కళ్ళల్లోనో చూసింది. ఇప్పుడు తన కూతురు తనను చూసి అట్లా భయపడుతూంది.

ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది. అన్నం పెట్టి ఒకరిని పోగొట్టుకుంది. అన్నం కక్కించి ఇంకొకరిని పోగొట్టుకుంటుందేమో. ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియక చీరలో చుట్టుకుని, సాయంత్రందాకా ఆ పెరట్లోనే కూర్చుంది.

కబురు హిందూపురం చేరింది. అక్కడ బెల్లం వ్యాపారం చేసే బాలనాగమ్మ అన్న చౌడప్ప రైలెక్కి వచ్చాడు. చెల్లెల్ని చూసి తుండుగుడ్డతో కళ్ళు ఒత్తుకుని, జయరాముడి మీద ఎగిరాడు.

"ఏమప్పా, ఇంతదూరం వచ్చేదాకా నాకి చెప్పకుంటే ఎట్ల? దీన్ని సూస్తే తెలుస్తాండ్లా? ఏదో గాలి పట్టింది. పెనుకొండలో ఓబుళప్ప అని ఒగాయన ఉండాడు. మడకశిర నుంచి గూడా జనం పోతాండారు ఆయన తాకి. దుడ్ల సంగతి నేను సూసుకుంటా."

బాలనాగమ్మ వద్దనలేదు. తనకేదో పట్టిందంటే నమ్మడానికి ఆమె కూడా సిద్ధంగా ఉంది. పట్టినదైతే వదులుతుంది. గౌరిని గంగాదేవి దగ్గర వదిలిపెట్టి బయలుదేరుతుంటే, ఆదెమ్మ చెప్పులు వేసుకుని, "నేనూ వస్తా," అంది.

పెనుకొండ స్టేషన్లో దిగి బండి కట్టించుకుని పోయారు. కొండ కింద ఒక పాత ఇల్లు. లోపల సాంబ్రాణి పొగ, చీకటి. ఓబుళప్ప పెద్దగా అరిచే మనిషి కాదు. మెత్తగా మాట్లాడేవాడు, అందుకే మరింత భయం వేసింది. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈమె ఒగతే రాలేదు. ఇంకో ఇద్దరొచ్చినారు ఎనకమ్మడి. ఒగడు పెద్దోడు, ఒగడు బిడ్డ. ఆకలిగొనుండారు. ఈమె నోటికాడి కూడు వాళ్ళే లాక్కుంటాండారు."

చౌడప్ప ముందే చెప్పి ఉంటాడు. బాలనాగమ్మకు ఆ ఆలోచన రాలేదు. వెనక్కు తిరిగి చూడాలంటే భయం. చూస్తే వాళ్ళు నిజంగా నిలబడి ఉంటారేమో. చిన్నస్వామి ఇంకా నోరు తెరుచుకునే ఉంటాడేమో.

ఓబుళప్ప అన్నంలో బూడిద కలిపి ముద్ద చేశాడు. "ఇది మింగల్ల. మింగితే వాళ్ళు పోతారు."

ఆమె తల తిప్పుకుంది. అతను సైగ చేశాడు. పక్కనున్న ఇద్దరు మనుషులు ఆమె భుజాలు నేలకు అదిమారు. ఒకడు దవడలు నొక్కాడు. బూడిద వాసన ముక్కుకెక్కింది. ముద్ద పెదవులకు తగిలింది. ఊపిరాడక ఆమె కళ్ళు తేలేసింది. అరవబోతే గొంతులోంచి పిల్లి మూలిగినట్టు ఏదో వచ్చింది. చౌడప్ప గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"తియ్యండి చేతులు!"

ఆదెమ్మ అరిచింది. అరవడమే కాదు, లేచి వచ్చి దవడ పట్టుకున్నవాడి చేతి మీద కొట్టింది.

"తియ్యంటి గదా! నువ్వు చెప్పే ఆ ఇద్దురూ నా కొడుకు, నా మనవడు. వాళ్ళు ఒగరి నోటికాడి కూడు లాక్కునేవాళ్ళు కాదు. మా ఇంట్లో అట్ల పెంచల్యా. లే మే, పోదాం."

బయటికి వచ్చాక చౌడప్ప గొణిగాడు. పెద్దాయన్ని అవమానం చేశారన్నాడు. ఇంక తన బాధ్యత లేదన్నాడు. హిందూపురం వైపు బండి ముందు వస్తే ఎక్కి వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళు ధర్మవరం బండి కోసం వేపచెట్టు కింద కూర్చున్నారు. బాలనాగమ్మ పెదవుల మీద ఇంకా బూడిద ఉంది. ఆదెమ్మ కొంగు తడిపి తుడిచింది.

తుడిచాక అడిగింది. "మే, నా కొడుకు చివర్న ఏం తిన్యాడు?"

ఎన్నో నెలలుగా బాలనాగమ్మ భయపడుతున్న మాట అది. పారిపోవడానికి చోటు లేదు. ఎండలో మెరుస్తున్న పట్టాల వంక చూస్తూ చెప్పింది. తొక్కిసలాట, ఆకులో అన్నం, నిద్రపోయిన గౌరి, చిన్నస్వామి, మిగిలింది తిన్న రామచంద్ర. తన చేత్తోనే పెట్టానని చెప్పింది. చెట్టు కింద వదిలి వచ్చిన సంగతి మాత్రం నాలుక మీదికి రాలేదు.

బండి వచ్చింది. ఎక్కారు. ధర్మవరందాకా ఆ ముసలామె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఒక్క మాట లేదు. బాలనాగమ్మ ఆ మౌనాన్ని చూసి వణికింది. కొడుకును చంపిన చెయ్యి పక్కన ఎట్లా కూర్చుందో ఈ మనిషి అనుకుంది. ఇల్లు చేరగానే బయటికి గెంటుతుంది, గౌరిని ఉంచుకుంటుంది. అదే న్యాయం కూడా.

మరునాడు పొద్దున ఆదెమ్మ సంగటి వేసిన పళ్ళెం తెచ్చుకుని కోడలికి ఎదురుగా కూర్చుంది. గౌరిని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇగ చూడు. నేను ముందు తింటా. నువ్వు చూస్తాండు. ఎంతసేపు చూడల్లనుకుంటావో అంతసేపు చూడు. నాకేం కాలేదని నీకి నమ్మకం వచ్చినాక పాపకి పెట్టు, నువ్వు తిను."

"నీకేమన్నా అయితే అత్తా?"

"అయితే కానీ. నేను ముసల్దాన్ని." ఆదెమ్మ ముద్ద తుంచింది. "ఆ పొద్దు నా కొడుకు కన్నా ముందు నేను తినింటే బాగుండు."

ముద్ద మింగింది. బాలనాగమ్మ ఆమె గొంతు వంక, కళ్ళ వంక, పొట్ట మీద పెట్టుకున్న చేతి వంక చూస్తూ కూర్చుంది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. సంగటి చల్లబడి గట్టిపడింది. గౌరి అటూ ఇటూ చూసింది. ఆదెమ్మ తమలపాకు నములుతూ, ఇరుగుపొరుగు కబుర్లు చెబుతూ, కదలకుండా కూర్చుంది. చివరికి బాలనాగమ్మ ఒక ముద్ద చిటికెడంత తుంచి గౌరి నోట్లో పెట్టింది. పెట్టి కళ్ళు మూసుకుంది. పిల్ల ఇంకా కావాలంది. రెండో ముద్ద ఇవ్వడానికి మళ్ళీ అంతసేపు పట్టింది.

అట్లా మొదలయింది. ప్రతిపూటా తొలి ముద్ద ఆదెమ్మది. "ఇదేం సోద్యం," అని గంగాదేవి నవ్వింది. తరువాత నవ్వడం మానేసింది. చల్లబడిన కూడు తనంతట తనే తీసుకుపోయి వేడిచేసి తెచ్చేది. వేడిచేసి తెస్తే మళ్ళీ ఆదెమ్మ తినాల్సి వచ్చేది. పాపం ఆ ముసలామె ఒక్కో రోజు మూడుసార్లు తినేది. కొన్ని రోజులు బాగా గడిచేవి. కొన్ని రోజులు బాలనాగమ్మ అన్నిటినీ వదిలి మళ్ళీ వేరుశనగ కాయల దగ్గరికే పోయేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. గౌరి బుగ్గలు మెల్లగా నిండాయి. వానలు మొదలయ్యేసరికి పిల్ల సంగటిని పెద్దవాళ్ళ మాదిరి గుటుక్కున మింగడం నేర్చుకుంది.

వానల తరువాత గంగాదేవి కాన్పుకు కదిరి పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళాక వంట ఆదెమ్మే చేసేది. జయరాముడు పట్టు కోసం బెంగుళూరు పోయాడు. ఆ పొద్దు ఇంట్లో ముగ్గురే ఉన్నారు. ఆదెమ్మ అన్నం వండి, తొలి ముద్ద తిని, బాలనాగమ్మ చూస్తుండగానే గజగజ వణికింది. పళ్ళు టకటకమన్నాయి. గడప దాకా పోయి తిన్నదంతా కక్కింది. అక్కడే చతికిలబడి, తరువాత ఒరిగిపోయింది.

బాలనాగమ్మ లేచి గోడకు ఆనుకుంది. వచ్చేసింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన గత్తర ఇదే. అది సముద్రం దాటి, కొండలు దాటి, తను ఏ ఇంట్లో ఉందో వెతుక్కుంటూ వచ్చేసింది. అత్తను ఎట్లాగో చాప మీదికి చేర్చింది, కంబళి కప్పింది. ఆ ఒళ్ళు నిప్పులా కాలుతూంది. తరువాత పళ్ళెం తీసి పెంటలో విసిరేసింది. గౌరి చెయ్యి పట్టుకుంది. వీధిలోకి వచ్చాక గాని తను పరిగెత్తుతున్నట్టు ఆమెకు తెలియలేదు.

స్టేషన్లో హిందూపురం బండికి ఇంకా టైముంది. బాలనాగమ్మ ప్లాట్‌ఫారం చివర కూర్చుని పిల్ల నుదురు ముట్టుకుని చూసింది. చల్లగా ఉంది. ఇది తినలేదు. తను తినలేదు. ఇద్దరూ బతుకుతారు. అన్న ఇంటికి పోతే ఏదో ఒక మూల పడుకోనిస్తాడు. అట్లా తనకు తాను చెప్పుకుంటూ ఉంటే గౌరి అడిగింది.

"అమ్మా, అవ్వ రాదా?"

"రాదు. ఒళ్ళు బాగలేదు."

పిల్ల కాసేపు పట్టాల వంక చూసింది. "నాయన్ని చెట్టుకింద పండబెట్టొచ్చినట్ల అవ్వని గూడా పండబెట్టొస్తిమా?"

ఆ రోజు పిల్ల చంకన ఉంది, తల భుజం మీద వాల్చి ఉంది. నిద్రపోతూందనే బాలనాగమ్మ అనుకుంది. తను వెనక్కు తిరిగి చూడలేదు. భుజం మీది పిల్ల వెనక్కే చూస్తూ వచ్చిందన్నమాట, ఆ చెట్టు కనుమరుగయ్యేదాకా.

బండి కూత వినిపించింది. జనం లేచారు. ఆమె కూడా లేచింది. బండి ఎక్కితే భయం తగ్గుతుందని తెలుసు. ఈ ఊళ్ళో, ఆ ఇంట్లో, ఆ చాప దగ్గర ఏముందో తలుచుకుని బండి వచ్చే వైపే చూసింది. బండి వచ్చి ఆగింది. ఆమె పిల్లను చంకన వేసుకుని, గేటు దాటి, ఊళ్ళోకి నడిచింది. భయం ఏమీ తగ్గలేదు. దారి పొడుగునా, శవాన్ని చూడాల్సి వస్తుందనే అనుకుంది.

ఆదెమ్మ బతికే ఉంది. పెదవులు పగిలి, "నీళ్ళు" అని మూలుగుతూంది. బాలనాగమ్మ నీళ్ళు తాగించింది. పక్కింటి అంజినమ్మను పిలిచింది. అంజినమ్మ వచ్చి నాడి పట్టి, కంబళి సర్ది, "చలిజ్వరం మే ఇది. ఊరంతా ఉండాది. ఆసుపత్రిలో బిళ్ళలిస్తారు, నేను తెప్పిస్తా. నువ్వు గంజి కాచు," అని వెళ్ళిపోయింది.

గంజి కాచాలి. చిన్నస్వామి పోయాక ఆమె ఎవరికీ వండలేదు. బియ్యం కడిగింది, మళ్ళీ కడిగింది. పొయ్యి వెలిగించడానికి అగ్గిపుల్లలు ఎన్నో విరిగాయి. గంజి కుతకుతలాడుతుంటే పక్కన కూర్చుని కళ్ళార్పకుండా చూసింది, తను చూడకపోతే అందులో ఏదో పడుతుందన్నట్టు. గిన్నెలో పోసి తెచ్చింది గాని, ఆదెమ్మ నోటి దాకా పోనివ్వలేకపోయింది. తనే ఒక గుక్క తాగింది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆదెమ్మ ఒక కన్ను తెరిచింది. "ఎంతసేపు కాచుకోవల్ల మే? నోరెండిపోతాండాది."

ఆ జ్వరంలో కూడా ముసలామెకు ఆ మాట ఎట్లా వచ్చిందో! బాలనాగమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే పట్టించింది.

జ్వరం రెండుసార్లు తిరగబెట్టింది. ప్రతిసారీ బాలనాగమ్మకు ప్రాణాలు పోయి వచ్చాయి. చివరికి తగ్గి, ఆదెమ్మ గోడకు ఆనుకుని కూర్చోగలిగిన రోజు, కోడలు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, పెనుకొండ స్టేషన్లో చెప్పనిది చెప్పింది.

ఆదెమ్మ అంతా విన్నది. "నువ్వు వచ్చేటప్పుడు ఊపిరుండెనా?"

"ఉండె."

ఆదెమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు లేవలేదు. మరునాడు లేచింది, పనులు చేసుకుంది, గౌరికి తల దువ్వింది. కోడలితో మాత్రం మాట్లాడలేదు. ఇది పెనుకొండ నుంచి వచ్చిన రోజు మౌనం లాంటిది కాదు. చాలా రోజులు అట్లాగే ఉంది. జయరాముడు తిరిగొచ్చి, ఏమయిందని ఇద్దరినీ అడిగాడు. ఇద్దరూ ఏమీ లేదన్నారు. బాలనాగమ్మ మూట సర్దుకుని పెట్టుకుంది. పొమ్మంటే పోవడానికి.

కానీ పూటపూటకూ ఆదెమ్మ వచ్చి పళ్ళెం ముందు కూర్చునేది. ఎవరి మొహమూ చూడకుండా తొలి ముద్ద తినేది. తిని, పళ్ళేన్ని కోడలి వైపు నెట్టి, అక్కడే కూర్చునేది. ఒకరోజు బాలనాగమ్మ వండిన పప్పు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఉప్పెక్కువేసినావు."

అప్పటినుంచి మాటలు కలిశాయి. చెట్టు కింది సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆదెమ్మ దాన్ని క్షమించిందో లేదో బాలనాగమ్మకు ఎన్నడూ తెలియలేదు. అడిగే ధైర్యం రాలేదు.

గంగాదేవి కొడుకును ఎత్తుకుని కదిరి నుంచి వచ్చింది. ఆ పిల్లవాడికి అన్నప్రాశన చేసిన రోజు బాలనాగమ్మ పెరట్లోకి పోయి, అంతా అయ్యేదాకా చెవులు మూసుకుని కూర్చుంది. గౌరి వచ్చి పక్కన కూర్చుంది. పెళ్ళిళ్ళలో, తిరనాళ్ళలో బాలనాగమ్మ ఎప్పుడూ తినలేదు. ఊళ్ళో గత్తర వచ్చిందని విన్న ఏడాది మళ్ళీ అరటిపండ్లు, వేరుశనగ కాయలు తప్ప ఏదీ ముట్టలేదు. ఆ ఏడాది ఆదెమ్మ మగ్గాల గదిలో కాయలు రాశి పోయించి, సాయంత్రాలు కోడలితో కలిసి ఒలుచుకుని తింది. ఆమెకు అప్పటికి పళ్ళు సగం లేవు. బాలనాగమ్మ గింజలు రోట్లో నూరి ఇచ్చేది. ఆదెమ్మ కొంచెం బెల్లం అడిగేది.